మైనరు మునిరత్నం

నాయన పోయిన నెలకు, చంద్రగిరిలో ఆయన ఉండిన అద్దె గది ఖాళీ చేయడానికి వెళ్ళాను. రిటైరైన పంతులు గదిలో ఏముంటుంది? ఒక నులక మంచం, రెండు కుర్చీలు, గోడకు చొక్కాలు, కిటికీలో ఎండిన సున్నం డబ్బీ. కుర్చీల్లో ఒకటి కుంటిది. నేను వెళ్ళినప్పుడల్లా మంచిది నాకిచ్చి కుంటిదాని మీద ఆయన కూర్చునేవాడు. మంచం కింద ఒక రెక్సిన్ సంచీ దొరికింది. అందులో రేషను కార్డు, పెన్షను కాగితాలు, వాటికి అడుగున ప్లాస్టిక్ కవర్లో భద్రంగా చుట్టిన ఒక పాత టైపు కాగితం. మడతల దగ్గర చిరిగిపోతే వెనక నుంచి గుడ్డ అతికించి పెట్టాడు. ఎవరి చిన్నతనానికైనా ఫోటోలుంటాయి. నా చిన్నతనానికి గుర్తుగా మా నాయన దాచుకున్నది, నన్ను వెదకి పట్టుకోమని కోర్టు ఇచ్చిన ఆర్డరు.

ఏ కోర్టో చెప్పను. అందులో పనిచేసినవాళ్ళ పిల్లలు ఇప్పటికీ తిరుపతి బజారులో ఎదురుపడి బాగున్నావామ్మా అని అడుగుతుంటారు. నన్ను ఎత్తుకుపోయింది మాత్రం ఎవరో కాదు, ఆ గుడ్డ అతికించినాయనే. అప్పుడు నాకు ఏడేళ్ళు.

అమ్మవాళ్ళది నగరి. తాతది మరమగ్గాల ఇల్లు. ముందు భాగంలో ఆరు మగ్గాలు, వాటి వెనక ఎలాగో సర్దుకుని మేము. పొద్దున కరెంటు వచ్చిందంటే మొదలయ్యే చప్పుడుకు గూట్లో గ్లాసులు కూడా జరిగి జరిగి అంచుకొచ్చేవి. అందువల్ల మా ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడేవాళ్ళు కాదు. అన్నం తింటావా అని అడిగినా కొత్తవాళ్ళకు కొట్లాట లాగే వినబడేది. నిజంగా కొట్లాడుకోవాలంటే మాత్రం కరెంటు పోయేదాకా ఆగేవాళ్ళు. పట్టపగలు కరెంటు పోతే చాలు, ఎవరింట్లో ఎవరికి ఎవరి మీద కోపముందో వీధి మొత్తానికి తెలిసిపోయేది. గంజి వాసన, నూలు చుట్టే కండెల నూనె వాసన, వాటి మధ్య అమ్మ కాచే కాఫీ వాసన, ఇవి కలిస్తే మా ఇల్లు. తాత మంచాన పడ్డాక ఆ ఆరు మగ్గాలూ నడిపింది అమ్మే.

నాయన ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. పక్క ఊరి బడిలో తెలుగు పంతులు, బహు నెమ్మదైన మనిషి. తరగతిలో ఆయన గొంతు మూడో బెంచీ దాటేది కాదని ఆయన శిష్యులే నాకు చెప్పారు. అటువంటి మనిషిని ఆరు మగ్గాల మధ్య కూర్చోబెట్టి పిల్లల నోటుబుక్కులు దిద్దమంటే ఏమవుతుంది? వేరే ఇల్లు తీసుకుందామని ఆయన, మగ్గాలు వదిలి రానని అమ్మ. ఇద్దరి మాటా సబబే, అదే వచ్చిన చిక్కు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ మాట మళ్ళీ లేచింది. అమ్మకు అన్న అయిన మా మామ మధ్యలో దూరి, "మగ్గం సప్పుడు పడనోడు మగ్గాలోళ్ళ పిల్లను ఎందుకు చేసుకున్నట్టో" అన్నాడు. నాయన నోటుబుక్కులు సర్దుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. మరుసటి పొద్దున నా దగ్గరకొచ్చి, "పాపా, చంద్రగిరి కోట సూపిస్తా, వస్తావా?" అన్నాడు.

చూపించాడు కూడా. ఆ మాట తప్పాడని నేనెన్నడూ అనలేను. రాజమహలు చుట్టూ తిరిగాం, మెట్ల మీద కూర్చుని అరటిపండ్లు తిన్నాం, రాజులకు కరెంటు లేదని ఆయన చెబితే పాపం వాళ్ళు మగ్గాలెట్లా నడిపారో అని నేను దిగులుపడ్డాను. ఆ తర్వాత మేము ఎక్కిన బస్సు మాత్రం నగరి బస్సు కాదు. వడమాలపేట దాటి ఎక్కడో రోడ్డు మీద దించాడు. అక్కడినుంచి మామిడితోపుల మధ్య నడిచి ఒక పల్లెకు చేరాం. ఆ పల్లెలో ఆయనకు దూరపు వరస పెద్దమ్మ ఒకామె ఉంది, పేరు ఆదెమ్మ. వాళ్ళ పెళ్ళికి కూడా రాని మనిషి కాబట్టి అలాంటి ఒకామె ఉందని అమ్మకు తెలియదు. సెలవులకు వచ్చామని నాయన ఆమెతో చెప్పాడు. ఆమె నమ్మింది.

నేను ఆదెమ్మవ్వ అనేదాన్ని, ఆమె నన్ను పాప అనేది. ఆ ఇంట్లో ఎప్పుడూ గడ్డిలో మాగేసిన మామిడిపండ్ల వాసన. పొద్దున రాగి సంగటి, అందులోకి చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి. పొద్దస్తమానం అవ్వ నోట్లో వక్కాకు, ఆ వక్కాకు ఉమ్మడానికి లేస్తే తప్ప ఆమె మాట ఆగేది కాదు. మొదటి రోజే ఒక గొడవ వచ్చింది. నేను నగరి అలవాటు కొద్దీ "అవ్వా, నీళ్ళు!" అని ఇంటి కప్పు లేచిపోయేట్టు అరిచాను. అవ్వ ఉలిక్కిపడి నాయనతో, "బిడ్డకు చెవుడు గదరా! ముందే చెప్పకూడదా?" అంది. అప్పటినుంచి పాపం ఆమె నాతో అరిచి మాట్లాడ్డం మొదలుపెట్టింది. నేను బదులు అరిచేదాన్ని. చప్పుడు లేని చోటు కోసం నగరి నుంచి పారిపోయి వచ్చిన మా నాయన అరుగు మీద కూర్చుని రెండు చేతులతో చెవులు మూసుకునేవాడు.

మొదటి నాలుగు రోజులు నాకు పండగే. అయిదో రోజుకు అమ్మ కావాలనిపించింది. అమ్మ నా జడ లాగి లాగి వేసేది, కణతలు నొప్పెట్టేవి, ఆ నొప్పి కావాలనిపించింది. నాయన కూడా జడలు వేశాడు. ఒకటి చెవి పైనుంచి, ఇంకొకటి మెడ కిందినుంచి వచ్చేవి. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే వస్తుందిలే అనేవాడు. ఏడిస్తే ఆయన ముఖం చిన్నబోయేది. అది చూడలేక ఏడవడం మానేశాను. మానేసేసరికి ఆయన ముఖం ఇంకా చిన్నబోయింది. సంగటి ముద్ద కంచంలో అట్లాగే ఉండేది. ఏడేళ్ళ పిల్లకు ఎవరి పక్షాన ఉండాలో తెలియకపోవడం ఎంత బరువో నేను ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

తర్వాత కొన్నాళ్ళకు నాయన వింతగా మారిపోయాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, నాకు తలకు పోసి, ఉతికిన గౌను తొడిగి, నా బట్టలన్నీ సంచీలో సర్ది, అరుగు మీద కూర్చునేవాడు. దూరంగా రోడ్డు మీద బస్సు చప్పుడైతే లేచి నిలబడేవాడు. "ఎవురికిరా పెండ్లిసూపులు? నీకా, బిడ్డకా?" అని అవ్వ ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు కాదు. అలా వారం రోజులు ఎదురుచూసి, ఎనిమిదో రోజు నా చెప్పు తెగితే కొత్తవి తేవడానికి పుత్తూరు వెళ్ళాడు. సరిగ్గా ఆ రోజే పోలీసులు వచ్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా అసలు పేరు మునిరత్నం. మా జిల్లాలో ఆ పేరు ఆడవాళ్ళకూ ఉంటుంది, మగవాళ్ళకూ ఉంటుంది. ఏ ఊళ్ళో అయినా వీధిలో నిలబడి మునిరత్నం అని పిలిస్తే ముగ్గురు పలుకుతారు. నాకు ఆ పేరు బడి హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికిరాలేదు. ఇంట్లో రత్న, అవ్వ దగ్గర పాప. ఇక మైనరు అనే మాట. కోర్టు లెక్కలో మైనరు అంటే పద్దెనిమిదేళ్ళు నిండని బిడ్డ. మా పల్లెల్లో మైనరు అంటే పట్టు జుబ్బా, మెడలో పులిగోరు గొలుసు, ఒళ్ళంతా సెంటు, చేతిలో ఏ పనీ లేని పెద్దమనిషి. అవ్వ వాళ్ళ ఊళ్ళో సరిగ్గా అట్లాంటాయన ఒకడున్నాడు. ఆయన పేరు కూడా మునిరత్నమే. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు ఆయన మైనరు మునిరత్నం.

హెడ్డు కానిస్టేబులు, ఇంకో కానిస్టేబులు అరుగు దగ్గరకొచ్చి ఆగారు. హెడ్డు చేతిలో ఇంగ్లీషు ఆర్డరు. మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉన్నంత వరకు చదువుకున్నాడు, రెండో పేజీ తిప్పలేదు. నా వయసు రెండో పేజీలో ఉంది. "ఆదెమ్మ ఇల్లు ఇదేనామ్మా?" అన్నాడు.

"ఇదే నాయనా. రాండి, మజ్జిగ తాగుదురు."

"మజ్జిగ తర్వాత. మైనరు మునిరత్నం ఈడ ఉండాడంట గదా. కోర్టు ఆర్డరు ఉండాది, తీసకపోవల్ల."

అవ్వ వక్కాకు ఉమ్మి వచ్చింది. "మా ఇంట్లో ఎందుకుంటాడు నాయనా? ఆయప్పకు మిద్దిల్లు ఉండాది, పెండ్లాము ఉండాది. మే పాపా, పోలీసాయన్ని మైనరోళ్ళింటికి తోడకపో!"

నేను హెడ్డు వేలు పట్టుకుని బయల్దేరాను. నన్ను వెదకడానికి వచ్చినవాళ్ళకు దారి చూపించింది నేనే. దారిలో ఆయన "నీ పేరేంది పాపా?" అని అడిగాడు. రత్న అన్నాను. "మంచి పేరు" అన్నాడు.

మైనరు గారు అద్దం ముందు నిలబడి మీసానికి ఏదో రాస్తున్నాడు. ఆర్డరు అనగానే ఆయన చేతిలోని దువ్వెన కింద పడింది. "కేసు పెట్టింది ఎవురు?" అన్నాడు. హెడ్డు కాగితం చూసి, "ఆడమనిషి. నగరి" అన్నాడు. మైనరు గారు కళ్ళు మూసుకుని, "నగరి... నగరిలో నాకెవురూ..." అంటూ వేళ్ళు ముడిచి లెక్క వేసుకోసాగాడు. ఆ లెక్కే ఆయన కొంప ముంచింది. లోపలినుంచి ఆయన భార్య సరోజమ్మ చేట పట్టుకుని వచ్చింది.

"ఏందీ, వేళ్ళు ముడస్తా ఉండావు? ఎంతమంది ఉండారు నీకు నగరిలో?"

"ఎవురూ లేరు మే! గుర్తు తెచ్చుకుంటా ఉండా, అంతే."

"లేనోళ్ళను గుర్తు తెచ్చుకునేది ఏంది?"

హెడ్డు సర్దిచెప్పబోయి, "అమ్మా, మీరు కాస్త ఆగండి, ఇది బిడ్డకు సంబంధించిన కేసు" అన్నాడు. సరోజమ్మ చేట జారవిడిచింది. "బిడ్డ కూడానా!" అని ఆమె పెట్టిన కేకకు తోపులో కాకులు లేచాయి. ఆ తర్వాత కోర్టుకు వెళ్ళడమే మైనరు గారికి క్షేమంగా కనబడింది. ఇస్త్రీ జుబ్బా వేసుకుని, సెంటు పూసుకుని పోలీసుల కంటే ముందు నడిచాడు. సరోజమ్మ వెనక బస్సులో బయల్దేరింది.

నాయన కొత్త చెప్పులు పట్టుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. అవ్వ ఎంతో సంబరంగా, మైనరును పోలీసులు పట్టుకుపోయిన కథ చెప్పింది. మునిరత్నం అనే పేరు వినబడగానే నాయన అరుగు మీద కూలబడ్డాడు. "ఆయన్నా? ఆయన్నెందుకు తీసకపోయినారు? బిడ్డ ఈడ అరుగు మీదే ఉండాది గదా!" అన్నాడు. అవ్వకు ఏమీ అర్థం కాలేదు. అప్పటికే సర్ది ఉన్న సంచీ తీసి, నాకు కొత్త చెప్పులు తొడిగి, "పద పాపా, ఆయప్ప మన కోసం ఇరుక్కున్నాడు, పోయి ఇడిపిచ్చుకోని వద్దాం" అన్నాడు. బిడ్డను ఎత్తుకుపోయిన మనిషి బిడ్డను చంకనేసుకుని తనంతట తానే కోర్టుకు పోవడం ఇంకెక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు.

మేము చేరక ముందు కోర్టులో ఏమైందో అమ్మ చెప్పగా విన్నాను. పొద్దున్నుంచి ఆమె వెనక బెంచీలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇరవై మూడు రోజులు నిద్రలేని కళ్ళు. బిడ్డను తెస్తారని తలుపు వైపే చూస్తోంది. బంట్రోతు "మైనరు మునిరత్నం!" అని పిలిచాడు. పట్టు జుబ్బా, పులిగోరు, వెనకనే సెంటు వాసన లోపలికొచ్చాయి. జడ్జి కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు.

"ఎవరీయన?"

"మైనరు మునిరత్నం సార్" అన్నాడు హెడ్డు, ఎంతో కష్టపడి పట్టుకున్నట్టు.

"ఈయన మైనరా?"

"అవును సార్" అన్నాడు మైనరు గారే చేతులు కట్టుకుని. "మా తాత కాలం నుంచీ మేము మైనర్లమే."

"వయసు?"

"నలభై రెండు సార్."

"యాభై నాలుగు" అంది తలుపు దగ్గరినుంచి సరోజమ్మ.

కోర్టంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు. లేచి నిలబడి, ఆరు మగ్గాల మీదుగా వినబడే గొంతుతో, "నా బిడ్డ యాడ?" అంది. నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయట. మైనరు గారు వెనక్కి జరిగి, "తల్లీ, నేను నిన్ను ఈ జన్మలో సూడలేదు, ఆ మాట మా ఇంటిదానికి చెప్పు తల్లీ" అని దండం పెట్టాడు. అమ్మ ఆయన్ను దాటి తలుపు వైపే చూసింది, ఇంకెవరూ రాలేదు. బిడ్డ ఆ ఊళ్ళో లేదనుకుంది, ఇంక ఎక్కడా లేదేమో అనుకుంది. ఆ నిమిషం గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆమె నా చేయి పట్టుకుంటుంది.

సరిగ్గా అప్పుడే మేము గుమ్మంలోకి వచ్చాం. జడ్జి నన్ను చూసి, "నీ పేరేంటమ్మా?" అన్నారు. పెద్ద గది, పెద్ద బల్ల, బెంచీలు. నాకు బడే గుర్తొచ్చింది. చేయెత్తి, "మునిరత్నం! ప్రెజెంట్ సార్!" అని అరిచాను. ఆ గొంతు ఎవరి బిడ్డదో వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. జడ్జి కాసేపు తల వంచుకుని నవ్వు ఆపుకున్నారు. తర్వాత నాయన వైపు తిరిగి, "పంతులుగారూ, బిడ్డను ఎందుకు తీసుకెళ్ళారు?" అన్నారు.

"చంద్రగిరి కోట చూపిద్దామని సార్."

"కోట చూడటానికి ఇరవై మూడు రోజులా?"

 నాయన ఒక్కసారి అమ్మ వైపు చూసి నా సంచీ బల్ల మీద పెట్టాడు. అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఆమె చీర నిండా గంజి వాసన. ఆ కోర్టు బెంచీ మీదే నా వంకర జడలు విప్పి, లాగి లాగి మళ్ళీ అల్లింది. కణతలు నొప్పెట్టాయి. అన్నాళ్ళుగా ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చాను.

బిడ్డ తల్లి దగ్గర ఉండాలని, నెలలో రెండో శనివారం తండ్రి వచ్చి చూసుకోవచ్చని కోర్టు చెప్పింది. నాయన చంద్రగిరి వైపు బదిలీ చేయించుకున్నాడు. ఒక్క రెండో శనివారం తప్పలేదు. మొదటి ఏడాది కోర్టు వరండాలో కలిశాం, తర్వాత బస్టాండులో, ఆ తర్వాత మా ఇంటి అరుగు మీద. అమ్మ లోపలినుంచి కాఫీ నా చేతికిచ్చి పంపేది. ఆయన తాగి, గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి వెళ్ళేవాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు. మైనరు గారు మాత్రం అమ్మకు ప్రతి ఎండాకాలం ఒక బుట్ట మామిడిపండ్లు పంపేవాడు. సరోజమ్మ అనుమానం తీర్చిన మనిషని ఆయనకు ఆమె అంటే గౌరవం.

మొన్న మా వీధిలో ఇలాంటిదే జరిగింది. అలిపిరి దగ్గర మా పక్క వాటాలో ఉండే అమ్మాయి భర్త, కొడుకును బండి మీద ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఫోన్లో ఎక్కడున్నాడో చూసి గంటన్నరలో పట్టుకున్నారు. రెండు వైపులవాళ్ళూ దాన్ని వీడియో తీసి బంధువులందరికీ పంపారు. వెదకడం ఎంత సులభమైపోయిందో అనుకున్నాను. మా కాలంలో ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ అబ్బాయి మరుసటి రోజు మా మెట్ల మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. అది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

చంద్రగిరి నుంచి వచ్చిన సాయంత్రం ఆ ఆర్డరు అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మగ్గాలు అమ్మేసి చాలా ఏళ్ళయింది, గొంతు మాత్రం తగ్గలేదు. అనపకాయలు ఒలుస్తూ వింటోంది. ఆదెమ్మవ్వ ఇంటి పేరు, ఊరు, రోడ్డు దిగాక ఏ తోపు పక్కనుంచి నడవాలో కూడా అందులో ఉన్నాయి. చదువుతూ చదువుతూ ఆగిపోయాను. "అమ్మా, ఇంత వివరంగా నీకెవురు చెప్పినారు? అట్లా ఒక అవ్వ ఉండేదే నీకు తెలీదు గదా!"

"ఇంకెవురు? మీ నాయనే. ఆకాశరామన్న ఉత్తరం రాసినాడు."

కాగితం మడిచి ఆమె పక్కన కూర్చున్నాను. అమ్మ కాయలు ఒలుస్తూనే చెప్పింది. పేరు లేకుండా రాయాలనుకున్నాడట. కానీ పిల్లలకు లేఖారచన నేర్పే పంతులు. కుడిపక్క పైన ఊరి పేరు, తేదీ వేశాడు. శ్రీమతి ఫలానా గారికి అని గౌరవంగా మొదలుపెట్టాడు. "మీ పాప ఇక్కడ క్షేమంగా ఉన్నది కానీ అన్నం తినడం లేదు. మిమ్మల్ని అడగడం కూడా మానేసింది. ఊరికే వచ్చి అడిగితే తండ్రి ఇవ్వలేడు, ఇవ్వకుండానూ ఉండలేడు. కోర్టు ఆర్డరుతో వస్తే అతనికి సులభంగా ఉంటుంది. ఇట్లు, ఆకాశరామన్న" అని రాసి, ఉత్తరం వెనక పంపినవారి చిరునామా అని ఉన్నచోట తన పేరు, తెలుగు పండితుడు అనే ఉద్యోగం, ఆదెమ్మ ఇంటి గుర్తులతో సహా నింపేశాడు. చిరునామా లేని ఉత్తరానికి ఆయన తరగతిలో రెండు మార్కులు కోసేవాడు.

నవ్వు ఆగలేదు నాకు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. "తెలిసి కూడా తెలీనట్టు కోర్టుకు పోయినావా?"

"తానే తెచ్చి ఇడిస్తే మా అన్న ముందర ఓడిపోయినట్టు గదా ఆయప్పకు. కోర్టు చెప్తే ఇనినట్టు. పోలీసుల్ని పంపిన రాక్షసి అని నన్ను అనుకున్నారు, అనుకోనీలే అనుకున్నా."

"మరి అంత అర్థమైనదానివి, ఆయన్ని ఇంటికి రమ్మని ఒక్క మాట ఎందుకనలేదు?"

అమ్మ చేతులు ఆగాయి.  మాట్లాడినప్పుడు, నా యాభై ఏళ్ళలో మొదటిసారి, ఆమె మాట వినడానికి నేను దగ్గరకు వంగాల్సి వచ్చింది.

"బిడ్డను తీసకపొమ్మని రాసినాడు గానీ, నేనూ వస్తానని రాయలేదు మే. రెండు పక్కలా సదివినాను. మడత లోపల గూడా ఇప్పి సూసినాను."